ట్రావెల్ ఏజెంటు, అడ్వైజరు, కన్సల్టెంటు... తెలుగులో ఏది నిలబడుతుంది?

మా బాబాయి గారబ్బాయి రాజమండ్రిలో టికెట్ల ఆఫీసు నడుపుతాడు. విజిటింగ్ కార్డు కొత్తగా వేయిస్తూ "ట్రావెల్ ఏజెంట్ తీసేసి ట్రావెల్ అడ్వైజర్ అని పెడుతున్నా అన్నయ్యా, తెలుగువైపు ఏం రాయమంటావ్" అన్నాడు. సలహాదారు అని రాయరా అన్నాను, పగలబడి నవ్వాడు. ఎందుకు నవ్వడు, పేపరు చదివేవాడికి సలహాదారంటే కేబినెట్ హోదా, సర్కారు కారు, వెనకాల గన్‌మన్, అంతేగాని తత్కాల్ కోసం కంప్యూటర్ ముందు కూర్చునేవాడు కాదు కదా.

ఇది వీడొక్కడి సరదా కాదులెండి. అమెరికాలో వీళ్ళ సంఘం 1931లో పెట్టినప్పుడు పేరులో ఓడల ఏజెంట్లు ఉండేవారు, తర్వాత ట్రావెల్ ఏజెంట్లయ్యారు, 2018లో పేరు మార్చుకుని అడ్వైజర్లయ్యారు. అసలు సంగతి డబ్బులో ఉంది. ఏజెంటంటే ఒకరి తరఫున పనిచేసేవాడు, ఇక్కడ ఆ ఒకరు విమాన కంపెనీ, టికెట్ అమ్మిపెడితే కమిషన్ ఇచ్చేది. 1995లో డెల్టా అనే అమెరికా విమాన కంపెనీ ఆ కమిషన్ ఇంతకి మించదని గీత గీసింది, 2002కల్లా అక్కడి పెద్ద కంపెనీలు మామూలు కమిషన్ ఎత్తేశాయి, మన దగ్గర ఆ దెబ్బ 2008 చివర్లో తగిలింది. ఈలోపు 2002 నుంచే రైలు టికెట్ ఐఆర్‌సీటీసీలో ఇంట్లో కూర్చుని తీసుకోవడం మొదలైంది. కంపెనీ చేతులెత్తేశాక ఫీజు ఎక్కేవాడి దగ్గరే తీసుకోవాలి, మరి కంపెనీ ఏజెంటు అని ఎందుకు చెప్పుకుంటాడు?

మావాడి రోజు చూస్తే టికెట్టు అందులో చిన్న ముక్క. అమెరికాలో కూతురి పురుడికి వెళ్ళే అమ్మగారికి వీసా ఫారం నింపుతాడు, దోహాలో ఫ్లైట్ మారేచోట వీల్‌చైర్ పెట్టిస్తాడు, కాశీలో తొమ్మిది నిద్రలు చేస్తామనే వాళ్ళకి రూములు చూసి వంటవాళ్ళని కూడా పంపిస్తాడు, ఎందుకంటే మనవాళ్ళకి అక్కడ రెండో రోజుకే పప్పుచారు కావాలి. దీనంతటికీ ఒక్క మాట చెప్పండి.

కామెంట్:
అన్నా, మాది జగిత్యాల దిక్కు. మా దగ్గర ఏజెంటు అన్న మాట ఎన్నడో కరాబయింది, మీరు చెప్పే విమానం కమిషన్‌తోని కాదు, గల్ఫ్ వీసాలతోని. ఏజెంటంటే దుబాయి పంపిస్త అని పైసలు తీసుకునేటోడు. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా చేతుల పెడ్తరు, ఆజాద్ వీసా అంటరు, అంటే పేరుకే ఒక యజమాని, పని మనమే ఎతుక్కోవాలె, పోయినంక అక్కడ ఖల్లివెల్లి అయి, అంటే సరైన కాగితాలు లేనోడయి, దాసుకుంట బతకాలె. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం బయటి దేశానికి పనికి పంపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలె, కాని ఊర్లె తిరిగే సబ్ ఏజెంటుకు ఏ కాగితమూ ఉండదు, చుట్టమో పక్కూరోడో అయి ఉంటడు గంతే. మా అమ్మను అడిగితే "ఏజెంటా, వద్దు బిడ్డా" అంటది. మీ తమ్ముడు మా దిక్కు ఆఫీసు పెడ్తే కార్డు మీద ఏజెంటు మాట తీసేసుడే మంచిది.

కామెంట్:
అండీ, ఏజెంటు వద్దంటే కన్సల్టెంట్ అందామంటే అమీర్‌పేట అడ్డొస్తుంది. హైదరాబాదులో కన్సల్టెన్సీ అంటే ఎమ్మెస్‌కి పంపేవాళ్ళో ఉద్యోగం పెట్టిస్తామనేవాళ్ళో. పోనీ ట్రావెల్స్ అని వదిలేద్దామంటే అది మనకి ఎప్పుడో ప్రైవేటు బస్సు అయిపోయింది, "రాత్రి ట్రావెల్స్‌లో వచ్చా" అంటే ఆఫీసులో పడుకుని వచ్చాడని ఎవరూ అనుకోరు :) మధ్యవర్తి అంటే పెళ్ళి, దళారి అంటే మిర్చి యార్డు. నాకైతే యాత్రా నిర్వాహకుడు లాంటివి అసలు వద్దు, కరపత్రంలో తప్ప నోట్లోంచి రాదు. మా ఇంట్లో "టికెట్లు చేసే అబ్బాయి" అంటాం, యాభై దాటినా అబ్బాయే.

నేనే మళ్ళీ:
మేడం, అబ్బాయి మాట మావాడికి చెప్పాను, కార్డు మీద వద్దన్నాడు. జగిత్యాల తమ్ముడు చెప్పింది చూశాక నా లెక్క మారింది. ఇంగ్లీషులో కమిషన్ పోయి పేరు మారింది, తెలుగులో నమ్మకం పోయి మాట పాడైంది, రెండూ వేరు. కాబట్టి అడ్వైజర్‌ని అనువాదం చేసి లాభం లేదు. ఎల్‌ఐసీ ఏజెంటు అంటే మాత్రం ఇప్పటికీ ఎవరూ భయపడరు చూడండి, ముందు ఎల్‌ఐసీ ఉంది గనక, ఎవరి ఏజెంటో తెలుస్తుంది గనక. అందుకని హోదా వదిలేసి, పేరు కింద "విమానం, రైలు టికెట్లు, వీసా పనులు, కాశీ-గయ యాత్రలు" అని పని రాయమన్నాను. వాడు ఇంగ్లీషువైపు అడ్వైజర్ ఉంచుకున్నాడు, వాడిష్టం.

ఇంకో సందేహం, ఇది క్రియ గురించి. మా వైపు టికెట్ "తీస్తాం", ఈమధ్య ఫ్లైట్ అయితే "కొట్టించుకున్నా" అంటున్నారు, పైన మేడం "చేసే" అన్నారు, అమెరికా వీసాకైతే "స్టాంపింగ్ అయింది". బుక్ చేశా అనేది అందరికీ తెలుసు, అది కాకుండా అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం వాళ్ళు ఇంట్లో ఏమంటారో కాస్త చెప్పండి.