ఎంప్రెస్ ఓడలో ప్రయాణించినవారు మీ అనుభవాలు చెప్పండి

తీరరేఖ:
2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి విహార ఓడ ఎంప్రెస్ మొదటిసారి విశాఖ రేవుకు వచ్చినప్పుడు నాన్నగారిని తీసుకెళ్ళి చూపించాను. ఆయన రేవులో ముప్పై ఏళ్ళు ఖనిజం ఓడల మధ్య గడిపారు. ఆ తెల్లటి ఓడను చూస్తూ చాలాసేపు కదలలేదు. ఇప్పుడు అమ్మానాన్నలను అందులో తీసుకెళ్ళాలని ఉంది. అయితే ఓడ 1990 నాటిదని తెలిసి కొంత సందేహం కలిగింది. పైగా అమ్మకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఓడల సంగతి తెలిసినవారు చెప్పండి.

లంగరు:
నేను ఓడల మరమ్మతు యార్డులో పనిచేశాను. ఇది ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో కట్టిన ఓడ. అడ్మిరల్ క్రూయిజెస్ అనే కంపెనీ కోసం 'ఫ్యూచర్ సీస్' అన్న పేరుతో మొదలైంది. పని నడుస్తుండగానే రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ చేతికి వచ్చి 'నార్డిక్ ఎంప్రెస్' అయింది. దీని డిజైను అర్థం కావాలంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. మయామీ నుంచి బహామాస్‌కు మూడు నాలుగు రాత్రుల్లో వెళ్ళి వచ్చేవారి కోసం దీన్ని గీశారు. అంత కొద్ది రోజులకు ఎవరూ పెద్ద పెట్టెలు తెచ్చుకోరు, గదిలో కూర్చోరు. అందుకే క్యాబిన్లు ఇరుకుగా ఉంటాయి, అందరూ తిరిగే చోట్లు విశాలంగా ఉంటాయి. మధ్యలోని ఏట్రియం, అంటే పైదాకా తెరిచి ఉంచిన హాలు, తొమ్మిది డెక్కుల (అంతస్తుల) ఎత్తు! సుమారు 211 మీటర్ల ఓడలో అంత స్థలాన్ని ఖాళీగా వదలడానికి ధైర్యం కావాలి. నాకు ఈ ఓడ మీద గౌరవం అక్కడే కలిగింది.

దీని టన్నేజి 48,563. దాన్ని చాలామంది బరువు అనుకుంటారు, కాదు. ఓడ లోపల మూసి ఉన్న చోటంతటి ఘనపరిమాణం నుంచి లెక్కగట్టే సంఖ్య అది. 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే భారీ ఓడకు ఇదే లెక్క 2,48,663.

మయామీ తెలుగు:
మేము 2018లో ఇదే ఓడలో హవానా వెళ్ళాం. అప్పుడు పేరు 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్'. ఆ పేరు 2004లో పెట్టారు. 2008లో స్పెయిన్‌కు చెందిన పుల్‌మంతూర్ కంపెనీకి వెళ్ళి, 2016లో రాయల్ కరీబియన్‌కు తిరిగొచ్చింది. ఆ రాకలో వంటశాల పనులు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టి మొదటి ప్రయాణాలు కొన్ని రద్దయ్యాయి.

2017 ఏప్రిల్‌లో క్యూబా యాత్రలు మొదలయ్యాయి. హవానా రేవు ముఖద్వారం ఇరుకు. ఒక పక్క మోరో కోట, మరో పక్క ఊరి సముద్రపు గోడ. గోడ మీద కూర్చున్నవాళ్ళు చేతులూపితే మేమూ ఊపాం. ఇంకా పెద్ద ఓడలకు సరిపోని అలాంటి రేవుల్లో దీని చిన్నతనమే దీనికి బలం. మరొక విషయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 1990లో ఈ ఓడకు నామకరణం చేసిన గాయని గ్లోరియా ఎస్తెఫాన్ హవానాలోనే పుట్టారు. 2019 జూన్‌లో అమెరికా ప్రభుత్వం క్యూబాకు క్రూయిజ్ ఓడలను నిషేధించడంతో ఆ దారి మూసుకుపోయింది. కరోనా కాలంలో, 2020 డిసెంబరులో, ఓడ అమ్మకాన్ని ప్రకటించినప్పుడు తుక్కుకే పోతుందని భయపడ్డాను. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి బయలుదేరిందని చదివాక మా ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను.

తీరరేఖ:
ఈ కథ నాన్నగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. మరి ఓడ వయసు సంగతి?

పాత నావికుడు:
వయసు ఒక్కటే చూడకండి. ప్రయాణికుల ఓడకు ఏటా సర్వే (తనిఖీ) తప్పనిసరి. అయిదేళ్ళలో కనీసం రెండుసార్లు డ్రైడాక్‌లోకి, అంటే నీళ్ళు తోడేసిన మరమ్మతు రేవులోకి, ఎక్కించి అడుగుభాగం పరీక్షిస్తారు. కాబట్టి మీ ఆలోచన అంతా అమ్మగారి మీద పెట్టండి. ఓడ పిల్లల తూగుడుబల్లలా ఊగుతుంది. రెండు కొసలూ లేచి పడతాయి, మధ్య భాగం తక్కువ కదులుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఊపు పెరుగుతుంది. కింది డెక్కులో, మధ్యలో క్యాబిన్ అడగండి. ఊపు తగ్గించే రెక్కలు ఓడకు రెండు వైపులా నీటి అడుగున ఉంటాయి గానీ, ఓడ వేగంగా పోతున్నప్పుడే అవి బాగా పనిచేస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం కుదురుగా ఉండదు. వాంతులు మొదలయ్యాక మందు వేసుకుంటే ఫలితం తక్కువ, డాక్టరును అడిగి ముందే వేసుకోవాలి.

కాకినాడ కెరటం:
మేము విశాఖ నుంచి చెన్నై వెళ్ళాం. మా అత్తగారు పూర్తి శాకాహారి, ఆవిడకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఒక హెచ్చరిక: మాకు టిక్కెట్లు ఇప్పించిన ఏజెంటు కిటికీ ఉన్న గది అని చెప్పి లోపలి గది ఇప్పించాడు. డబ్బు కట్టేముందు క్యాబిన్ నంబరు కాగితం మీద రాయించుకోండి. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కాబట్టి పెద్దవాళ్ళకు ఎక్కడం ఇప్పుడు సులువు.

తీరరేఖ:
సంతోషం అండీ. మధ్యలో, కింది డెక్కు. నిర్ణయం అయిపోయింది. నాన్నగారిది ఒకటే కోరిక, ఓడ రేవు దాటుతున్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండను సముద్రం వైపు నుంచి చూడాలట. ఎక్కడ నిలబడాలి?

కాకినాడ కెరటం:
పై డెక్కులో వెనక కొసన. ఓడ మలుపు తిరుగుతుంది, ఒక పక్కనే ఉంటే కొండ తప్పిపోతుంది. బయలుదేరడానికి అరగంట ముందే కుర్చీ వేయించండి.