అవ్వ కథలు రికార్డు చేయాలి, 5 వేలలో ఏ మైకు తీసుకోమంటారు?

కొర్లగుంట కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా అవ్వది చిత్తూరు దగ్గర పల్లె, ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లోనే ఉంటోంది. జాతర ముచ్చట్లు, దయ్యాల కథలు, పొడుపు కథలు ఎన్ని చెప్పినా అయిపోవు. ఆమె చెబుతుంటే నేను మధ్యలో ప్రశ్నలు వేస్తూ పాడ్‌కాస్ట్‌గా పెట్టాలని ఆశ. మొన్న ఫోన్ టీపాయ్ మీద పెట్టి ఒక కథ రికార్డు చేశా. ఫ్యాను, వీధిలో ఆటో, పక్కింటి మిక్సీ బ్రహ్మాండంగా పడ్డాయి. అవ్వ మాత్రం బావిలోంచి మాట్లాడినట్టుంది. బడ్జెట్ 5 వేలు, లాగితే 6. పాత లాప్‌టాప్ ఒకటుంది. వీడియోల్లో అందరూ కండెన్సర్ మైకే చూపిస్తున్నారు. కొనేయమంటారా?

బైరాగిపట్టెడ బావ:
ఆగు తమ్ముడూ! నేను కొని నెత్తిన గుడ్డేసుకున్నా. ఆన్‌లైన్‌లో 1,500కి కిట్ వచ్చింది. మైకు, మడిచే స్టాండు, నోటి గాలి తగలకుండా ఆపే జాలీ, స్పాంజీ టోపీ అన్నీ ఉన్నాయి. లాప్‌టాప్‌కి తగిలిస్తే చీమ గొణిగినట్టు వినిపించింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే అందే కరెంటు) కావాలట. అది ఇంటర్‌ఫేస్ (మైకుకీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టే డబ్బా) నుంచి రావాలి. సరేనని బెరింజర్ యూఎం2 అనే ఇంటర్‌ఫేస్ కొన్నా. గొంతు వచ్చింది, గొంతుతో పాటు మా వీధి మొత్తం వచ్చింది. కుక్కర్ విజిల్ కింది వాటాదో మా ఇంటిదో చెప్పేయొచ్చు, అంత క్లియర్.

యూఎస్‌బీ కండెన్సర్ అయితే ఇంటర్‌ఫేస్ ఖర్చు తప్పుతుంది, వీధి మాత్రం తప్పదు, చిన్న చప్పుడు కూడా పట్టేస్తుంది.

రేడియో రెడ్డెమ్మ:
కొన్నేళ్లు రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నా. మైకు సంగతి తర్వాత, ముందు గది చూడు బాబూ. హాల్లో నిలబడి ఒక చప్పట్ కొట్టు. ఖంగుమని తిరిగొస్తే అక్కడ ఎంత ఖరీదు మైకు పెట్టినా డబ్బాలో మాట్లాడినట్టే ఉంటుంది. పడగ్గదిలో పరుపు ఉంటుంది, చీరల బీరువా ఉంటుంది. బీరువా తలుపు తెరిచిపెట్టి దాని ఎదురుగా కూర్చోండి, కిటికీకి బొంత వేలాడదీయండి. గుడ్ల అట్టలు మాత్రం అతికించకు, వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఫోమ్ ముక్కలు ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయంతే, బయటి ఆటోను ఆపవు.

ఇక దూరం. నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు ఉంటే మేలు, జానెడు దాటితే కష్టం. దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాను చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. అప్పుడు నువ్వు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెంచుతావు, దాంతో పాటు ఫ్యానూ పెరుగుతుంది. నీ టీపాయ్ మీద జరిగింది అదే.

చిత్తూరు తోతాపురి:
అక్క మాటకు నా ఓటు. మైకు కొనాలంటే డైనమిక్ తీసుకో. దగ్గరి గొంతు బాగా పట్టుకుంటుంది, దూరపు గోలను అంతగా పట్టించుకోదు. శామ్సన్ క్యూ2యూ, ఫిఫైన్ ఏఎం8, మావోనో పీడీ200ఎక్స్, ఇవన్నీ యూఎస్‌బీతోనూ ఎక్స్‌ఎల్‌ఆర్‌తోనూ (ఇంటర్‌ఫేస్‌కి తగిలించే మూడు పిన్నుల వైరు) పనిచేస్తాయి. ఇప్పుడు లాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా పనికొస్తాయి. రేట్లు ఆఫర్‌ని బట్టి మారుతుంటాయి, నీ బడ్జెట్ అంచుల్లోనో కాస్త పైనో ఉంటాయి. వీడియోల్లో చూసి షూర్ ఎస్ఎం7బీ అనే ఖరీదైన మైకు జోలికి మాత్రం పోవద్దు. దానికి 60 డెసిబెల్స్ గెయిన్ ఇచ్చే ఇంటర్‌ఫేస్ కూడా కావాలి, ఇద్దరి ఆస్తులూ చాలవు.

పీలేరు పిల్లోడు:
అన్నా, అంతా బాగానే ఉంది కానీ అవ్వ మైకు ముందు బెత్తెడు దూరంలో కదలకుండా కూర్చుంటుందా? మా తాత అయితే రెండో నిమిషానికే వెనక్కి ఒరిగి కాళ్లు చాపేస్తాడు. కాలర్ మైకు పెట్టు. నా దగ్గర బోయా బీవై-ఎం1 ఉంది, వెయ్యి లోపే పడింది. ఆరు మీటర్ల వైరు ఉంటుంది. అన్ని వైపుల నుంచీ వింటుంది నిజమే, కానీ గుండె మీదే ఉంటుంది కాబట్టి తల ఎటు తిప్పినా గొంతు పోదు. దాని మీదున్న స్విచ్ చూసుకో. ఫోన్‌కి పెట్టినప్పుడు ఫోన్ వైపే ఉండాలి. లోపలి ఎల్ఆర్44 బ్యాటరీ కెమెరా మోడ్‌కే. నేను స్విచ్ తప్పుగా పెట్టి పెళ్లిలో గంటసేపు పాటలు రికార్డు చేశా, ఏమీ పనికిరాలేదు.

చిత్తూరు తోతాపురి:
కాలర్ మైకులో చీర రాపిడి వస్తుంది తమ్ముడూ. ముందే చెబుతున్నా.

కొర్లగుంట కుర్రోడు:
చాలా థ్యాంక్స్. పిల్లోడి మాట విని రెండు కాలర్ మైకులు తెప్పించా. తోతాపురి అన్న చెప్పిందే జరిగింది. మొదటి రోజు కొంగుకు క్లిప్ పెడితే మెడలో గొలుసు దానికి తగిలి ఒకటే గరగర. "ఇదేంది నైనా, పురుగు మాదిరి" అని అవ్వ మాటిమాటికీ దాన్ని తడుముతోంది. చేయి ఊపినప్పుడల్లా గాజుల చప్పుడు సరేసరి. కానీ గాజులు తియ్యమంటే కథే చెప్పనంది!

చివరికి కొంగు మడత ఎత్తి, గొలుసుకు అందకుండా భుజం వైపు పెట్టా. మైకు కింద వైరును ఒక చుట్టు చుట్టి చీరకు పిన్నీసు గుచ్చా, అప్పటి నుంచి లాగుడు లేదు. గాజులు వదిలేశా. దయ్యం కథలో చప్పట్లు కొడుతూ చెబుతుంటే ఆ గలగల బాగానే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే, "నా గొంతేనా? మా యమ్మ మాట్లాడినట్టుండాదే" అని మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు వింది.

ఒక్క డౌటు. రెండు మైకులూ ఒకే ఫోన్‌కి పెట్టొచ్చా?

పీలేరు పిల్లోడు:
రెండు మైకులను ఒకే రంధ్రానికి కలిపే స్ప్లిటర్ దొరుకుతుంది కానీ చాలావాటిలో రెండు గొంతులూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి. నీ దగ్గు అవ్వ మాట మీద పడితే తీయలేవు. ఇద్దరికీ చెరో ఫోన్ పెట్టు, ఫ్లైట్ మోడ్‌లో. మొదట్లో ఒక చప్పట్ కొట్టు. తర్వాత రెండు ఫైళ్లూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఆ చప్పట్ గీతలు కనిపిస్తాయి, ఒకదాని కింద ఒకటి జరిపితే సరి. గంట దాటితే రెండు ఫోన్ల రికార్డింగులూ కొద్దిగా ముందూవెనకా కావచ్చు, కాబట్టి కథకో చప్పట్ కొట్టు.

రేడియో రెడ్డెమ్మ:
మాట్లాడే ముందు పది సెకన్లు ఇద్దరూ నోరు మూసుకుని గదిని రికార్డు చేయండి. సాఫ్ట్‌వేర్‌లో గోలను తగ్గించే నాయిస్ రిడక్షన్‌కి ఆ ముక్కే నమూనా. ఎక్కువ లాగితే నీళ్లలో మాట్లాడినట్టవుతుంది, జాగ్రత్త. ఫ్యాను ఎండాకాలంలో పెద్దావిడకి మరీ ఆపేయకు. పావుగంటకోసారి వేసి, మంచినీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టు. లాప్‌టాప్‌తో చేసే రోజు గుంయ్‌మని వినిపిస్తే ఛార్జర్ పీకేసి చూడు, చాలాసార్లు అదే దొంగ.

బైరాగిపట్టెడ బావ:
మొత్తానికి 2 వేలల్లో తేల్చేశావు. నా కిట్ ఎవరికైనా కావాలా? జాలీ ఫ్రీ.

మదనపల్లె టమాటా:
కుర్రోడన్నా, నా ఫోన్‌కి టైప్-సీ ఒక్కటే ఉంది, మైకు గుండ్రటి పిన్ను పట్టే రంధ్రం లేదు. మొన్న కొన్న కన్వర్టర్‌లో పాటలు వస్తున్నాయి, మైకు మాత్రం పలకట్లేదు. నువ్వు యాడ కొన్నావు?

కొర్లగుంట కుర్రోడు:
నాకూ మొదటిది అట్లే అయింది తమ్ముడూ. రెండోసారి ఫోన్, మైకు రెండూ కొట్టుకే తీసుకెళ్లి, అక్కడే "ఒకటి రెండు మూడు" అని రికార్డు చేసి విని తెచ్చుకున్నా. గాంధీ రోడ్డులో.