మనోవర్తా, భృతా, పింఛనా?

మిత్రులారా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల భార్యలు, భర్త పోయాక పెట్టుకున్న అర్జీలను తెలుగు చేస్తున్నాను. ఇవి 1836 జులై 4 నాటి చట్టం కింద వేసినవి. వారు అడిగిన సొమ్మును ‘మనోవర్తి’ అనవచ్చా? ‘భృతి’ నయమా? ‘పింఛను’ అంటే మన పంచాయతీ ఆఫీసు మాటలా ఉంటుందేమో.

స్పందన:
మనోవర్తి కుదరదండీ. అది భర్త నుంచో, ఆయన ఆస్తి నుంచో భార్యకు రావలసిన పోషణ ఖర్చు. ఇక్కడ ఇవ్వవలసింది ప్రభుత్వం. లెక్క కట్టింది కూడా ఆమె అవసరాన్ని బట్టి కాదు. సైనికులకే పింఛను ఇచ్చిన 1832 చట్టం ప్రకారం భర్తకు ఎంత దక్కేదో అంత. ‘భృతి’కి జీతం అనే పాత అర్థం ఉంది, కానీ ‘నిరుద్యోగ భృతి’కి అలవాటుపడిన చెవికి దయతలచి ఇచ్చినట్టు వినిపిస్తుంది. పింఛనే మేలు. పంచాయతీ ఆఫీసు గుర్తొస్తే రానివ్వండి. కాగితాల కోసం తిరగడం ఎలా ఉంటుందో పాఠకులకు వెంటనే అందుతుంది.

మరో స్పందన:
పింఛను సరే. ‘అర్జీ’ మాత్రం మార్చండి. అందులో వేడుకోలు ఉంది. వీరు న్యాయస్థానంలో ప్రమాణం చేసి చెప్పారు, కాబట్టి అది ‘వాంగ్మూలం’.

ఏమి రుజువు చేయమన్నారో చూడండి. భర్త సైన్యంలో ఆఖరిసారి పనిచేసిన కాలం ముగియక ముందే పెళ్లి జరిగి ఉండాలట! యుద్ధం ముగిసింది 1783లో. యాభై ఏళ్ల నాటి పెళ్లికి సాక్ష్యం ఎక్కడ తెస్తారు? చాలాచోట్ల నమోదు లేదు, పెళ్లి చేసిన పాదిరి ఏనాడో పోయి ఉంటాడు. సైనిక రికార్డులు 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడినప్పుడే కాలిపోయాయి. అందుకే కొందరు ముసలమ్మలు ఇంటి బైబిలులో పెళ్లి, పుట్టుక తేదీలు రాసుకున్న పుటలనే చించి పంపారు. అవి ఇప్పటికీ వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఆ ఇళ్లకు తిరిగి చేరలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 1838లో, 1794కు ముందు పెళ్లయిన వారికీ అవకాశమిచ్చారు. తేదీ షరతు పూర్తిగా తొలగేసరికి 1853 వచ్చింది. అప్పటికి ఎందరు మిగిలారు! బానిసత్వంలో ఉండగా జరిగిన పెళ్లికైతే చాలాచోట్ల చట్టంలో గుర్తింపే లేదు.

మూల రచయిత:
పింఛను, వాంగ్మూలం, రెండూ తీసుకుంటున్నాను. ఇంకొకటి చెప్పండి: చదువు రాని వారు సంతకం బదులు గీసిన ఇంటూ గుర్తును ‘నిశానీ’ అందామా? మన పాత దస్తావేజుల్లో ఆ మాట ఉంది.