ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగిసిన పెద్దవాళ్లకి కుర్చీ వ్యాయామం ఎలా మార్చాలి?

కనిగిరి, పామూరు వైపు అరవై అయిదు దాటినవాళ్ల కోసం రోజువారీ పద్ధతి ఒకటి రాస్తున్నాం. పెద్దవయసులో ఇంకొకరి మీద ఆధారపడకుండా తిరగాలంటే ఉత్త నడక చాలదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండబలానికి, కనీసం మూడు రోజులు బ్యాలెన్స్‌కి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

మేం అనుకున్నది ఇది. గోడకి ఆనించిన చెక్క కుర్చీ (ప్లాస్టిక్‌ది నున్నటి బండల మీద జారుతుంది, వద్దే వద్దు). చేతులు ఛాతీ మీద కట్టుకుని 8 సార్లు లేచి కూర్చోవాలి. దబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. తర్వాత వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు.

చిక్కల్లా ఫ్లోరైడ్‌తోనే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగినవాళ్లలో కొందరికి మెడ, నడుం, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ముందుకి వంగందే కుర్చీలోంచి లేవలేం కదా. వంగలేక చేతులతో తోసుకుంటారు, తొడలకి పని తగ్గిపోతుంది. సీటు ఎత్తు పెంచుదామంటే దిండు అణిగిపోతోంది. చెక్క పలక బిగించాలా? ఎంత ఎత్తుతో మొదలుపెట్టి, ఏం చూసి తగ్గించాలి? నడుం వంగనివాళ్లకి ఒంటికాలి బదులు ఏది క్షేమం? ఇలాంటివాళ్లకి చేయించిన ఫిజియోథెరపిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.