ఆన్‌లైన్ అమ్మకాలకు సర్కారు ఏం చేయాలి: వేదిక కట్టాలా, పార్శిల్ సంగతి చూడాలా?

కలివిగరిటె (ఉదయగిరి):
మా వదిన చెక్క గరిటెలు చేస్తుంది. నర్ది, కలివి, బిక్కి కొయ్య. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకే. వాళ్ల పిల్లోడు ఫోన్లోనే ఒక పెద్ద యాప్‌లో కొట్టు తెరిచాడు. తొలి ఆర్డరు విజయవాడ నుంచి, మూడు గరిటెలు. కాటా మీద 400 గ్రాములు. కొరియర్ బిల్లు మాత్రం ఒకటిన్నర కిలోకు వేశారు. ఏందిరా అంటే, పెట్టె 45 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు. మూడూ గుణించి 5000తో భాగిస్తే 1.35 కిలోలంట. గరిటెను కాదు, పెట్టెలో ఉండే గాలిని తూస్తున్నారు.

ఆ పెట్టె వారానికి తిరిగొచ్చింది. ఫొటోలో రంగు వేరేగా ఉందని కారణం రాశారు. కొయ్య కదా, ఏ రెండు ముక్కలు ఒకే రంగులో ఉంటాయి? పోనూ రానూ ఖర్చు మా వదిన నెత్తిన పడింది.

ప్రభుత్వాలు పోర్టళ్లు కడతాయి, శిక్షణ శిబిరాలు పెట్టి సర్టిఫికెట్లు పంచుతాయి. నా లెక్కలో ఆ ధ్యాసలో సగం పార్శిల్ మీద పెడితే చాలు. కాదనేవాళ్లు చెప్పండి.

కోడ్‌కుర్రోడు (మాది కందుకూరు, ఉండేది హైదరాబాద్):
కాదంటున్నా అన్నా. మీ వదిన కష్టం నిజమే కానీ ఆ యాప్ మాట మారిస్తే ఇంకో దారి లేకపోవడమే అసలు జబ్బు. అందుకే ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్) తెచ్చారు. 2021 డిసెంబర్ ఆఖరున కంపెనీ పెట్టి, 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ, బెంగళూరు, భోపాల్, షిల్లాంగ్, కోయంబత్తూరుల్లో ప్రయోగం మొదలుపెట్టారు. అది ఇంకో యాప్ కాదు. కొనేవాడు ఒక యాప్‌లో, అమ్మేవాడు ఇంకో యాప్‌లో ఉన్నా బేరం కుదరాలనేది దాని ఉద్దేశం. 2016లో యూపీఐ వచ్చినప్పుడు కూడా ఇట్లాగే నవ్వారు. ఇప్పుడు టీకొట్టులో పది రూపాయలకూ క్యూఆరే.

కలివిగరిటె:
డబ్బుకు బరువుండదు తమ్ముడూ. గరిటెకుంటుంది.

ట్రంకురోడ్డు బట్టలకొట్టు (నెల్లూరు):
మీరిద్దరూ అమ్మేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా కొట్టుకొచ్చి పంచె తీసి, పట్టి, నలిపి చూసి, ఫొటో తీసుకుని, మెట్లు దిగుతానే ఫోన్లో ఆర్డర్ పెట్టేవాళ్లను రోజూ చూస్తున్నా. అద్దె నాది, ఏసీ కరెంటు నాది, అమ్మకం ఇంకెవరిదో. ఈ వ్యాపారాన్ని పెంచడానికి సర్కారుకు వ్యూహం కూడానా! ముందు పగ్గం వేయాల.

2018 డిసెంబర్ 26న కేంద్రం ఒక ప్రెస్ నోట్ ఇచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అంగడి, తనకు వాటా ఉన్న కంపెనీ సరుకును తన దగ్గరే అమ్మించకూడదు. ఏ వ్యాపారితోనూ 'మా దగ్గర తప్ప ఇంకెక్కడా అమ్మొద్దు' అనకూడదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. కాగితం మీద బ్రహ్మాండం. మరి పండగ ఆఫర్లలో నేను టోకున కొనే ధరకన్నా తక్కువకు వాళ్లు చిల్లరగా ఎట్ల అమ్ముతున్నారో ఎవరన్నా చెప్పండి. ఇండోనేషియా చూడండి, 2023 సెప్టెంబర్‌లో వీడియోల యాప్‌లో కొనుగోళ్లు కుదరవని ఒక్క మాటలో తేల్చేసింది. అక్టోబర్ మొదటి వారానికి టిక్‌టాక్ షాప్ అక్కడ మూతపడింది.

కోడ్‌కుర్రోడు:
మూతపడి ఎన్నాళ్లు బాబాయ్? డిసెంబర్‌కల్లా అక్కడి ఆన్‌లైన్ అంగడి టోకోపీడియాలో వాటా కొనే ఒప్పందం చేసుకుని మళ్లీ తలుపు తెరిచారు. నిషేధం రెండు నెలల ముచ్చట.

ట్రంకురోడ్డు బట్టలకొట్టు:
రెండు నెలలైనా ఊపిరి పీల్చుకున్నారుగా.

పద్దులసారు (ఒంగోలు):
నేను జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని, ఆ కోణమే చెప్తా. 2023 అక్టోబర్ దాకా యాప్‌లో వంద రూపాయల సరుకు అమ్మాలన్నా జీఎస్టీ నంబరు తప్పనిసరి. అదే మనిషి వీధిలో కొట్టు పెట్టుకుంటే 40 లక్షల టర్నోవర్ దాకా అక్కర్లేదు. ఆన్‌లైన్‌ను ప్రోత్సహిస్తున్నామని చెప్తూనే ఆన్‌లైన్‌లోకి వచ్చినవాడికి ఈ శిక్ష! 2023 అక్టోబర్ 1 నుంచి సడలించారు. పరిమితి లోపలి చిన్న అమ్మకందారుడు నమోదు సంఖ్య ఒకటి తీసుకుని అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రం లోపలే.

ఇప్పుడు మ్యాపు తీయండి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల చిల్లర. విశాఖ ఆరు వందల పైమాటే. యాప్‌లో అమ్మిన గరిటె విశాఖకు పంపితే జీఎస్టీ నంబరు అక్కర్లేదు, పక్కనున్న చెన్నైకి పంపితే కావాలి. నంబరు తీసుకుంటే రిటర్నులు, లెక్కలు, నా ఫీజు. నా ఫీజు నేనే ఎక్కువంటున్నానంటే అర్థం చేసుకోండి. మన జిల్లాల చిన్న వ్యాపారికి చెన్నై, బెంగళూరే కదా బజారు. ఈ ఒక్క గీత చెరిపితే పది శిక్షణ శిబిరాలకన్నా ఎక్కువ పని జరుగుతుంది.

కనిగిరి డెలివరీ:
నేను పార్శిళ్లు మోసేవాణ్ని, మాటలు తక్కువ. ఆర్‌టీఓ అంటే మీకు లైసెన్సు ఆఫీసు. మాకు తిరుగు టపా. డబ్బు చేతికిచ్చి తీసుకునే ఆర్డర్లలో తిరిగిపోయేవే ఎక్కువ. పోయినవారం ఒకాయన, వేలంలో పొగాకు డబ్బులు ఇంకా పడలా, సోమవారం రా అబ్బయ్యా అన్నాడు. సోమవారం పోతే ఆయన ఊళ్లో లేడు. పెట్టె వెనక్కి. అమ్మినామె ఎవరో, ఎక్కడుందో, ఆమెకే నష్టం.

అడ్రసులు ఇంకో గోల. 'రామాలయం వెనక, నీళ్ల ట్యాంకు దగ్గర'. మా రూట్లో రామాలయం లేని ఊరేది? 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్, అంకెలూ అక్షరాలూ కలిపి పది. మంచి పనే. ఇంతవరకు నాకు ఒక్క కస్టమర్ ఆ కోడ్ చెప్పలేదు.

చదువుకుంటున్నా (కావలి):
పార్శిలా, వేదికా అన్నదానికి చైనాలో ఒక పరిశోధన జరిగింది. అక్కడ 2014 నుంచి ప్రభుత్వం జిల్లాలను ఎంచి పల్లె ఈ-కామర్స్‌కు డబ్బు పెట్టింది. అక్కడి ఆన్‌లైన్ వ్యాపార కంపెనీ అలీబాబాతో కలిసి ఊరూరా ఆన్‌లైన్‌లో కొనడానికీ అమ్మడానికీ కేంద్రాలు. ఆన్‌హుయ్, హెనాన్, గుయిజౌ రాష్ట్రాల్లో కొన్ని పల్లెలకు ముందు కేంద్రాలిచ్చి, కొన్నిటికి ఆపి, తేడా కొలిచారు. 2021లో అచ్చయింది. సగటు పల్లెవాసి ఆదాయం పెద్దగా పెరగలేదు. లాభపడింది కొద్దిమందే, అదీ అమ్మి కాదు, చౌకగా కొనుక్కుని. ఆ లాభం కూడా ఎక్కువగా అంతకుముందు పార్శిల్ సర్వీసు లేని ఊళ్లలోనే కనిపించింది. అంటే యాప్ నేర్పడం వల్ల కాదు, బండి ఊళ్లోకి రావడం వల్ల. కలివిగరిటె అన్న మాట సగం నిజం. రెండో సగం చేదు: బండి వస్తే ముందు మన ఊళ్లోకి సరుకు దిగుతుంది. మన సరుకు ఎక్కడం తర్వాత, అదీ గ్యారంటీ లేదు.

ట్రంకురోడ్డు బట్టలకొట్టు:
నేను మొత్తుకునేది అదే కదమ్మా.

కోడ్‌కుర్రోడు:
సరే, లాజిస్టిక్స్ విషయంలో తగ్గుతున్నా. ఓఎన్‌డీసీలో డెలివరీని కూడా విడిగా ఎంచుకునే ఏర్పాటుంది, కానీ ఉదయగిరి పిన్‌కోడ్ కొడితే ఎంతమంది ముందుకొస్తారో నాకే అనుమానం. పగ్గం వాదన మాత్రం ఒప్పుకోను. బాబాయ్ లాభం కాపాడితే కొనేవాడి జేబుకు చిల్లు.

ట్రంకురోడ్డు బట్టలకొట్టు:
కొనేవాడి కొడుకు నా కొట్లోనే పని చేస్తున్నాడు అబ్బయ్యా. వాడి జీతం నీ యాప్ ఇస్తుందా?

పద్దులసారు:
ఇది తేలదు గానీ, కలివిగరిటె గారూ, వదినమ్మ ఇప్పుడు అమ్ముతున్నారా, మానేశారా?

కలివిగరిటె:
మానలేదు సార్. కాడ ఐదంగుళాలు తగ్గించింది. పెట్టె 33 సెంటీమీటర్లకు దిగింది, అదే లెక్కన 0.99. కిలో బిల్లుతో పోతోంది. పొడుగు కాడవి మూలన పడున్నాయి. పొంగే అన్నం కలపాలంటే అదే కావాలని ఆమె గొణుగుడు.

ట్రంకురోడ్డు బట్టలకొట్టు:
పొడుగువి పది నాకు పంపించన్నా. మా కౌంటర్ పక్కన పెడతా, వచ్చినోళ్లు పట్టుకుని చూసి కొంటారు. కొరియర్ వద్దు, పొద్దున నెల్లూరు బస్సులో వేయించు. మనిషిని స్టాండ్‌కు పంపిస్తా.