‘దేవుని యందు విశ్వాసం’, ‘రాజు పట్ల విశ్వాసం’: ఒకే మాటా, రెండా?

(అనువాదం మీద చర్చ. ‘తెల్లకాగితం’ వంటివి మాట్లాడినవారి మారుపేర్లు.)

తెల్లకాగితం:
1776 నాటి అమెరికా పాదిరీల మీద ఒక వ్యాసం తెలుగులోకి వస్తోంది. చిత్తుప్రతిలో ఒక వాక్యం ఇలా తేలింది: “వారి విశ్వాసమే వారి విశ్వాసానికి అడ్డం పడింది.” మొదటిది మతం, రెండోది రాజు. చదివితే అచ్చుతప్పులా ఉంది. రెండోచోట ‘రాజభక్తి’ అంటే సరిపోతుందా?

ఔపవిభక్తికం:
మాట ఒకటే అయినా దాని ముందు వచ్చే ప్రత్యయం, వెనక వచ్చే క్రియ వేరు. దేవుని యందు (దేవుడి మీద) విశ్వాసం ‘ఉంచుతాం’. యజమాని పట్ల విశ్వాసం ‘చూపుతాం’. ‘యజమాని మీద విశ్వాసం ఉంచాడు’ అంటే అతన్ని నమ్మాడని అర్థం, అతని ఉప్పుకు కట్టుబడ్డాడని కాదు. కుక్కకు ఉండేది రెండో రకం. ‘విశ్వాసఘాతకుడు’ కూడా రెండో వైపుదే. నాస్తికుణ్ణి ఎవరూ అలా అనరు. ‘విశ్వాసి’ అంటే క్రైస్తవ తెలుగులో మొదటి అర్థమే, కాబట్టి ‘రాజవిశ్వాసి’ అని మాత్రం కల్పించకండి.

మీ చిత్తులో ప్రత్యయాలు రాలిపోయాయి. అక్కడే చెడింది.

‘రాజభక్తి’ పాత మాట, తప్పేమీ లేదు. కానీ మతం గురించే నడిచే వ్యాసంలో ‘భక్తి’ మళ్లీ గుడిలోకే లాక్కుపోతుంది. ‘విధేయత’ మేలు.

పాతపుస్తకం:
‘విధేయత’కు నాదీ ఓటు. అయితే ఆ పాదిరీల చిక్కు ఏమిటో తెలిస్తేనే మాట కుదురుతుంది. ఇంగ్లండ్ చర్చి గురువు పట్టం పొందేటప్పుడు రాజే ఆ చర్చికి అధిపతి అని ప్రమాణం చేసేవాడు. 1662 నాటి ప్రార్థనా పుస్తకాన్ని మార్చకుండా వాడతానని ఒప్పుకునేవాడు. ఆ పుస్తకంలో రాజు కోసం ప్రార్థన ఉన్నది ఒక్కచోట కాదు. ఉదయ ప్రార్థనలో ఉంది, సాయంత్ర ప్రార్థనలో ఉంది, లిటనీలో (గురువు మనవి చెబితే జనం బదులు పలికే ప్రార్థనలో) అప్పటి రాజు మూడో జార్జి పేరుతో సహా ఉంది, ప్రభురాత్రి భోజన క్రమంలోనూ ఉంది. 1776 జులైలో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక అది చదివితే కొత్త రాజ్యానికి ద్రోహం, వదిలేస్తే దేవుడి ముందు చేసిన ప్రమాణానికి ద్రోహం. కొందరు చదువుతూనే ఉన్నారు, కొందరు ఆ వాక్యాలు మింగేశారు, కొందరు గుడికే తాళం వేశారు.

ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చిలో 1776 జులై 4నే సంఘపెద్దలు కూర్చుని ఆ మనవులు వదిలేయాలని తీర్మానించారు. గురువు జేకబ్ డుషే తన పుస్తకంలో రాజు పేరును కలంతో కొట్టేశాడు. 1774 సెప్టెంబరు 7న అమెరికా వలసల ప్రతినిధుల కాంగ్రెసు సభలో 35వ కీర్తన చదివి ప్రార్థన చేసింది ఈయనే. బ్రిటిష్ సేన ఊరు పట్టుకున్నాక, 1777 అక్టోబరులో, స్వాతంత్ర్య ప్రకటనను వెనక్కి తీసుకోమనండని అమెరికా సేనాధిపతి జార్జి వాషింగ్టన్‌కు ఉత్తరం రాసిందీ ఈయనే. ఈ మనిషిని ఏ వరుసలో ‘రాజభక్తుడు’ అంటారు? అందుకే ఆ మాటను మనిషికి బిరుదులా తగిలించకుండా, ఏ తేదీన ఏ పక్షాన ఉన్నాడో రాయడం మంచిది.

కాడిమాను:
ఇదే డుషే 1775 జులై 7న నగర దళం ముందు చేసిన ప్రసంగానికి మూలవాక్యం గలతీ 5:1. మన బైబిల్లో “ఈ స్వాతంత్ర్యము అనుగ్రహించి, క్రీస్తు మనలను స్వతంత్రులనుగా చేసియున్నాడు” అన్నది. దాన్ని ఆయన పన్నుల దాకా, పార్లమెంటు దాకా సాగదీశాడు. మేరీలాండ్‌లో రాజు పక్షపు గురువు జొనాథన్ బౌచర్ అదే వాక్యం తీసుకుని జవాబిచ్చాడు: అక్కడ పౌలు చెప్పింది మోషే ధర్మశాస్త్రపు కాడి గురించి, రాజు కాడి గురించి కాదు అని. కింది వచనంలోనే సున్నతి మాట వస్తుంది కాబట్టి సందర్భం బౌచర్ పక్షానే ఉందని నా అభిప్రాయం. జనం మాత్రం ఆయన పక్షాన లేరు. గుండ్లు దట్టించిన పిస్తోళ్లు ప్రసంగ వేదిక మీది మెత్త మీద పెట్టుకుని ప్రసంగించేవాడు. 1775లోనే ఇంగ్లండుకు ఓడెక్కాడు.

అనువాదంలో ఈ ఇద్దరికీ ‘స్వాతంత్ర్యం’ అనే ఉంచాలి. ఒకరికి ‘స్వేచ్ఛ’, ఇంకొకరికి ‘విడుదల’ అని సర్దితే పేచీయే మాయమవుతుంది.

ఔపవిభక్తికం:
అలాంటిదే ఇంకొకటి, ‘ప్రమాణం’. క్వేకర్లు (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖవారు) దేవుడి పేర ఒట్టు వేయరు. “ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు” అన్న మత్తయి 5:34 వారికి శాసనం. జార్జిని వదులుకుని కొత్త రాజ్యానికి కట్టుబడతామని పలకమంటూ 1777 జూన్‌లో పెన్సిల్వేనియా చేసిన చట్టం, ఒట్టు బదులు గంభీరంగా మాట ఇచ్చినా చాలంది. అయినా చాలామంది ఇవ్వలేదు. జార్జిని వదులుకున్నామని చెప్పడమే తిరుగుబాటులో చేరడమని వారి వాదం. అంటే రూపం మీద ఒక అభ్యంతరం, విషయం మీద ఇంకొకటి. రెండింటినీ ‘ప్రమాణం’ అని రాస్తే పాఠకుడికి మొదటిది కనిపించనే కనిపించదు. ‘ఒట్టు’, ‘ప్రతిజ్ఞ’ అని విడదీయండి. మన ప్రమాణ స్వీకారాల్లో ‘దైవసాక్షిగా’, ‘ఆత్మసాక్షిగా’ అని వినిపించే తేడా ఇదే.

పాతపుస్తకం:
ఆ ప్రమాణ పాఠమే గుర్తు చేసుకోండి: “భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని”. ‘పట్ల’ ఉంది, ‘చూపు’ ఉంది. ఇంగ్లిషు ప్రమాణాల్లోని పాత జంటమాట అది. అలాంటి చోట ‘పునరుక్తి’ అని ఒకటి కొట్టేయకండి.

యుద్ధం ముగిశాకా ఈ జంట వదల్లేదు. అమెరికా గురువు సామ్యుయెల్ సీబరీ బిషప్పు కావడానికి లండన్ వెళితే, రాజుకు విధేయతా ప్రమాణం లేనిదే అభిషేకం చట్టప్రకారం కుదరలేదు. చివరికి ఆ రాజవంశానికి ప్రమాణం చేయని స్కాట్లండ్ బిషప్పుల చేత, 1784 నవంబరు 14న అబర్డీన్‌లో అభిషేకం పొందాడు.

తెల్లకాగితం:
వాక్యం ఇలా మార్చాను: “దేవుని యందలి విశ్వాసం ఒక దారి చూపితే, రాజుకు ఇచ్చిన విధేయత మరో దారి చూపింది.”

ఔపవిభక్తికం:
విభక్తి కుదిరింది, సంగతి తప్పింది. దారులు రెండైతే వారికి అంత చిక్కు ఉండేది కాదు. రాజుకు విధేయంగా ఉంటానన్నది దేవుడి ముందే కదా. “దేవుని యందలి విశ్వాసంతోనే రాజుకు విధేయత ప్రమాణం చేసినవారు” అని మొదలుపెట్టి చూడండి. ‘విధేయత ఇచ్చాడు’ అని మాత్రం వద్దండి. తెలుగులో విధేయత చూపుతాం, ప్రకటిస్తాం, ఇవ్వం.