రాగి సాంద్రత కుదిరింది, అల్యూమినియం కుదరలేదు. ఇంతకీ తేడా పరమాణువుల బరువులోనేనా?

ప్రశ్న (కొలజాడి)

నీటిలో ముంచి ఘనపరిమాణం కనుక్కునే పద్ధతిలో రెండు లోహాల సాంద్రత కొలిచాను. 100 మి.లీ. కొలజాడి, 1 మి.లీ.కి ఒక గీత. మొదట 50 మి.లీ. నీళ్లు.

రాగి కడ్డీ ముక్క: 44.8 గ్రా. నీరు 55కి వచ్చింది. 44.8 ÷ 5 = 8.96 (మి.లీ.కి గ్రాముల్లో). పట్టికలో ఉన్నది కూడా అంతే.

అల్యూమినియం తీగ తుంపులు: మొత్తం 27.0 గ్రా. నీరు 61కి వచ్చింది. 27.0 ÷ 11 = 2.45. పట్టికలో 2.70.

మూడు సందేహాలు. ఒకటి, అదే జాడీ, అదే పద్ధతి, మరి అల్యూమినియం దగ్గరే ఎందుకు తప్పింది? రెండు, రాగి పరమాణు భారం 63.55, అల్యూమినియంది 26.98. నిష్పత్తి 2.36 వస్తోంది. కానీ సాంద్రతల నిష్పత్తి 3.32. మిగతా బరువు ఎక్కడి నుంచి వచ్చినట్టు? మూడు, ఘనపదార్థంలో కణాలు దగ్గరగా, ద్రవంలో దూరంగా ఉంటాయని చదువుకుంటాం. అలాంటప్పుడు మంచుగడ్డ నీటిపై ఎలా తేలుతుంది?

జవాబు (త్రాసుముల్లు)

మొదటిదానికి మాత్రమే చెప్తాను. ముందు ఒక చేదు నిజం: మీ రాగి సరిగ్గా రావడం కొలత గొప్పతనం కాదు, కలిసొచ్చింది అంతే. 1 మి.లీ. గీతలున్న జాడీలో ప్రతి రీడింగులోనూ అర మి.లీ. అటూఇటూ ఉండొచ్చు. రెండు రీడింగులు తీసివేస్తే తేడాలో 1 మి.లీ. దాకా తప్పు రావచ్చు. అంటే రాగి ఘనపరిమాణం 4 నుంచి 6 మి.లీ. మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, సాంద్రత 11.2 నుంచి 7.5 వరకు ఎంతైనా కావచ్చు. అల్యూమినియానికి అదే లెక్క వేస్తే 2.25 నుంచి 2.70. కాబట్టి నిజానికి రెండు కొలతలూ పట్టికతో పేచీ పడట్లేదు, రెండూ వదులుగా ఉన్నాయి.

అయినా తప్పు ఏ వైపుకి జరిగిందో చూస్తే కారణం కొంత దొరుకుతుంది. సాంద్రత తక్కువొచ్చింది, అంటే ఘనపరిమాణం ఎక్కువ చదివారు. కాబట్టి వేసేటప్పుడు నీళ్లు చిందడం, జాడీ గోడకి పైన చుక్కలు అంటుకోవడం లాంటివి కారణం కావు. వాటివల్ల నీటిమట్టం తగ్గుతుంది, సాంద్రత పెరుగుతుంది. నీటిలోంచి తీసిన తడి ముక్కల్ని తుడవకుండా తూచినా అంతే, సాంద్రత పెరిగే వైపే పోతుంది. మిగిలినవి రెండు:

గాలి బుడగలు. తీగ తుంపుల సందుల్లో ఇవి ఇరుక్కుపోతాయి. బుడగ తీసుకునే చోటునీ మీరు లోహం ఖాతాలో వేసేశారు. కానీ 2 మి.మీ. వ్యాసమున్న బుడగ ఘనపరిమాణం 0.004 మి.లీ. మాత్రమే. ఒక్క మి.లీ. రావాలంటే అలాంటివి 240 కావాలి. కంటికి అన్ని కనిపించకపోతే నేరమంతా బుడగల మీద వేయకండి.

కంటి ఎత్తు. నీటి పైతలం మధ్యలో పల్లంగా వంగి ఉంటుంది, ఆ పల్లం అడుగుని చదవాలి. గీతలు మీ వైపున్నప్పుడు పైనుంచి వంగి చూస్తే అసలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండుసార్లూ ఒకేలా వంగి చూస్తే తప్పు దాదాపు కొట్టేసుకుపోతుంది. మొదటిసారి కూర్చుని, రెండోసారి నిలబడి చూస్తే కొట్టేసుకోదు.

ఇంతకన్నా మేలైన దారి ఉంది. 0.01 గ్రా. చూపే డిజిటల్ త్రాసు ఉంటే జాడీని పక్కన పెట్టేయండి.

250 మి.లీ. బీకరులో సుమారు 150 మి.లీ. నీళ్లు పోయండి. మరిగించి చల్లార్చిన నీళ్లయితే కరిగిన గాలి పోయి ఉంటుంది, బుడగలు తక్కువ పడతాయి. గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒక్క చుక్క వేసి నురగ రాకుండా మెల్లగా కలపండి. బీకరుని త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. లోహాన్ని సన్నని నైలాన్ దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగునీ గోడనీ తాకకుండా వేలాడదీయండి. త్రాసు చూపే గ్రాములే పక్కకి తొలగిన నీటి ద్రవ్యరాశి. నీరు లోహాన్ని ఎంత బలంతో పైకి నెడుతుందో, లోహం నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ కింది తోపునే త్రాసు చూస్తుంది.

25 °సె. దగ్గర నీటి సాంద్రత 0.997. మీ అల్యూమినియానికి రీడింగు 9.97 దగ్గర రావాలి: 27.0 × 0.997 ÷ 9.97 = 2.70. దారం గురించి బెంగ వద్దు, అర మి.మీ. దారం 3 సెం.మీ. మునిగినా 0.006 మి.లీ. మాత్రమే. తుంపులు మాత్రం వద్దు. ఒకే పొడవాటి తీగని స్ప్రింగులా వదులుగా చుట్టండి, బుడగలు వాటంతటవే జారిపోతాయి.

జవాబు (గాజుకడ్డీ)

రెండోదానికి చిన్న జవాబు: రాగి పరమాణువులు బరువైనవి, పైగా మరింత ఒత్తుగా పేర్చి ఉంటాయి. రెండూ కలిస్తే 3.32.

జవాబు (స్ఫటికం)

పై జవాబులో "ఒత్తుగా పేర్చి" అన్నదగ్గర నాకు అభ్యంతరం ఉంది. లెక్క చూద్దాం.

1 ఘ.సెం.మీ.లో ఎన్ని పరమాణువులో తెలియాలంటే సాంద్రతను పరమాణు భారంతో భాగించి అవగాడ్రో సంఖ్యతో (పరమాణు భారమెంతో అన్ని గ్రాముల్లో ఉండే పరమాణువుల సంఖ్య, 6.022 × 10²³) గుణించాలి.

అల్యూమినియం: 2.70 ÷ 26.98 × 6.022 × 10²³ = 6.03 × 10²²
రాగి: 8.96 ÷ 63.55 × 6.022 × 10²³ = 8.49 × 10²²

అంటే అదే చోటులో రాగి పరమాణువులు 1.41 రెట్లు ఎక్కువ. బరువు నిష్పత్తి 2.355ని దీనితో గుణిస్తే 3.32. మీరు వెతుకుతున్న "మిగతా బరువు" ఇదే.

ఇక పేర్పు సంగతి. రెండు లోహాలదీ ఒకే పేర్పు, ఫలక కేంద్రిత ఘన అమరిక (ఘనాకారపు పెట్టె మూలల్లోనూ, ప్రతి ముఖం మధ్యలోనూ ఒక్కో పరమాణువు). పరమాణువుల్ని ఒకదాన్నొకటి తాకే గోళాలుగా అనుకుంటే రెండింట్లోనూ చోటులో 74 శాతం నిండుతుంది, 26 శాతం ఖాళీ. రాగిలో పేర్పేమీ మరింత ఒత్తుగా లేదు. గోళమే చిన్నది! పక్కపక్క పరమాణు కేంద్రాల మధ్య దూరం అల్యూమినియంలో 286 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), రాగిలో 256. నిష్పత్తి 1.12, దాని ఘనం సుమారు 1.40. లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

29 ఎలక్ట్రాన్లున్న పరమాణువు 13 ఎలక్ట్రాన్లున్నదానికన్నా చిన్నదిగా ఉండటం వింతే. రాగిలో 3డి అనే లోపలి స్థాయిలోని ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణను బయటి ఎలక్ట్రాన్ నుంచి సరిగ్గా అడ్డుకోలేవు. 29 ప్రోటాన్ల లాగుడు బయటిదాకా గట్టిగానే అందుతుంది, పరమాణువు ముడుచుకుంటుంది.

బరువైన పరమాణువంటే సాంద్ర లోహమేనన్న నమ్మకాన్ని పొటాషియం చెడగొడుతుంది. సోడియం 22.99, పొటాషియం 39.10. అయినా సాంద్రతలు 0.97, 0.86. పరమాణువు బరువు 1.7 రెట్లు పెరిగితే, అది ఆక్రమించే చోటు 1.9 రెట్లు పెరిగింది. బంగారం, సీసం జంట కూడా అంతే: సీసం పరమాణువే బరువైనది (207.2, 197.0), కానీ సాంద్రత 11.3 దగ్గర ఆగిపోతే బంగారం 19.3.

జవాబు (ఆవిరిమూత)

మూడోదానికి. మీరు చదివిన వాక్యంకన్నా దానితోపాటు వేసే బొమ్మే ఎక్కువ మోసం చేస్తుంది. ఘనంలో చుక్కలు అంటుకుని, ద్రవంలో చుక్కకీ చుక్కకీ మధ్య మరో చుక్క పట్టేంత ఖాళీ వదిలి గీస్తారు. నిజంగా దూరం రెట్టింపైతే సాంద్రత 8వ వంతుకి పడిపోవాలి. అల్యూమినియం కరిగినప్పుడు ఘనపరిమాణం పెరిగేది సుమారు 6-7 శాతం, అంటే పరమాణువుల మధ్య దూరం 2 శాతం చొప్పున. ద్రవంలో కణాలు దాదాపు తాకుతూనే ఉంటాయి, అమరిక చెదిరి ఒకదాన్నొకటి దాటుకుపోగలవు, అంతే తేడా. అసలు దూరం వచ్చేది వాయువులో. 100 °సె. దగ్గర నీరు ఆవిరైతే సుమారు 1600 రెట్లు వ్యాపిస్తుంది. ఆ సంఖ్య చూసి అణువుల మధ్య దూరం కూడా 1600 రెట్లు అనుకోకండి. దాని ఘనమూలం తీయాలి, 12 రెట్లు కూడా రాదు.

మంచులో ప్రతి నీటి అణువూ హైడ్రోజన్ బంధాలతో (ఒక అణువులోని హైడ్రోజన్‌కీ పక్క అణువులోని ఆక్సిజన్‌కీ మధ్య ఆకర్షణ) నలుగురు పొరుగువారిని పట్టుకుని ఉంటుంది. ఆ బంధాలకి దిక్కు ఉంటుంది, ఏ కోణంలో పడితే ఆ కోణంలో కుదరవు. అందుకే ఆ అమరికలో షట్కోణాకారపు బోలు ఖాళీలు మిగులుతాయి. కరిగినప్పుడు కొన్ని బంధాలు వంగి, తెగి, పక్క అణువులు ఆ ఖాళీల్లోకి జొరబడతాయి. సాంద్రత 0.917 నుంచి 0.9998కి పెరుగుతుంది. గాలియం అనే లోహం కూడా ఇలాంటిదే, ఘనం 5.91, ద్రవం 6.10.

మంచు సాంద్రత కొలవాలంటే నీటిలో కుదరదు, తేలుతుంది. కిరోసిన్‌లో (సుమారు 0.8) మునుగుతుంది. ముందే ఫ్రిజ్‌లో చల్లబరిచిన కిరోసిన్ వాడాలి, లేకపోతే రీడింగు తీసేలోపే మంచు కరగడం మొదలవుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. తెల్లగా కనిపించే ముక్కల్లో గాలి చిక్కుకుని ఉంటుంది, సాంద్రత ఇంకా తక్కువ వస్తుంది. గాజులా తేటగా ఉన్న ముక్కే తీసుకోండి. 10 మి.లీ. మంచు కరిగితే 9.2 మి.లీ. నీరవుతుంది కాబట్టి, కరిగేకొద్దీ కిరోసిన్ మట్టం దిగడం కంటితోనే చూడొచ్చు.

కొలజాడి

అందరికీ ధన్యవాదాలండీ. తీగని చుట్టి త్రాసు పద్ధతిలో చేస్తే అల్యూమినియం 9.99 చూపింది, 2.69 వచ్చింది. రాగి ముక్క మాత్రం ఒకసారి 5.02, ఇంకోసారి 6.3, మరోసారి 5.8. ఎందుకు?

మరో సందేహం: ఒక్క రాగి పరమాణువు సాంద్రత కూడా 8.96 అనొచ్చా?

జవాబు (స్ఫటికం)

ఎక్కడిదాకా పరమాణువు అని గీత గీస్తారో దాన్నిబట్టి ఉంటుంది. పక్కనున్న ఖాళీలో దాని వాటా కూడా కలిపితే 8.96 వస్తుంది, ఎందుకంటే లెక్క మొదలుపెట్టిందే అక్కడి నుంచి. 128 పికోమీటర్ల వ్యాసార్ధమున్న గోళం వరకే అంటే 8.96 ÷ 0.74, సుమారు 12.1. కేంద్రకం వరకే అంటే ఘ.సెం.మీ.కి 10¹⁴ గ్రాముల స్థాయి. ఒంటరి పరమాణువుకి ఘన, ద్రవ స్థితులు కూడా ఉండవు, అవి గుంపుకి ఉండే లక్షణాలు. రాగి వేడెక్కి వ్యాకోచించిందంటే పరమాణువు ఉబ్బిందని కాదు, ఊగిసలాట పెరిగి సగటు దూరం పెరిగిందని.

జవాబు (త్రాసుముల్లు)

6.3, 5.8 రెండూ వదిలేయండి. ముక్క అడుగుని గానీ గోడని గానీ తాకుతోంది. తాకిన క్షణం లోహం సొంత బరువులో కొంత బీకరు మోస్తుంది, రీడింగు పెరుగుతుంది. పూర్తిగా అడుగున పడుకుంటే 44.8 చూపిస్తుంది. 5.02 సరైనదే: 44.8 × 0.997 ÷ 5.02 = 8.90. దారాన్ని చేత్తో పట్టుకోకుండా స్టాండుకి కట్టండి. స్టాండు త్రాసు పళ్లెం మీద కాకుండా బల్ల మీద ఉండాలి. ముక్క ఊగడం ఆగాక 10 సెకన్లు రీడింగు కదలకుండా ఉంటేనే రాసుకోండి.